ఏడో గిన్నె

బాలానగర్‌లో రాత్రి పదకొండు దాటాక
లేత్ మిషన్లన్నీ పడుకుంటాయి.
మా షెడ్డులో మాత్రం ఆరు దవడలు
నములుతూనే ఉంటాయి.

పళ్ళు లేవు. నాలుక లేదు. నమలడానికి ముద్దా లేదు.
కోబాల్ట్ క్రోమియం గుండు
తెల్లటి పాలిథిలీన్ గుంటలో
ముందుకు జారి, కాస్త తిరిగి, వెనక్కి.
సెకనుకు రెండుసార్లు.
చెవి ముందర వేలు పెట్టుకుని నోరు తెరిచి చూడండి,
అక్కడ కదిలేదే ఇది.

దూడ సీరం, ముప్పై ఏడు డిగ్రీలు.
ఐదు లక్షల సైకిళ్ళకోసారి మార్చాలి,
అంటే మూడు రోజులకి.
నాలుగో రోజు దాకా వదిలేస్తే
బేరాలయ్యాక కడగని చేపల అంగడి వాసన.
సబ్బుతో ఎంత రుద్దుకున్నా
అన్నం కలిపేటప్పుడు వేళ్ళలోంచి లేస్తుంది.

అరిగిందెంతో కంటికి ఆనదు.
కడిగి, ఆరబెట్టి,
తరాజు గాజు తలుపు మూసి
మూడుసార్లు తూచాలి, ఊపిరి బిగబట్టి.
బయట లారీ పోతే అంకె వణుకుతుంది.
అది కుదురుకునేదాకా
నేనూ అంకే ఎదురెదురుగా కూర్చుంటాం,
పెళ్ళిచూపుల్లో లాగ.

చేరిన కొత్తలో ఒకసారి
నాలుగో గిన్నెలో ముక్క
అరగడం మాని బరువు పెరిగింది.
చెయ్యి నాదే చెడ్డదనుకుని మళ్ళీ తూచాను, మళ్ళీ.
భూలక్ష్మి మేడం నవ్వారు.
"ప్లాస్టిక్కు కూడా తాగుతుందమ్మా.
అందుకే గదా ఏడో గిన్నె."

ఏడో గిన్నెలో ముక్కకి పని లేదు.
అదే సీరం, అదే వేడి.
జారదు, తిరగదు, ఊరికే నానుతుంది.
అది ఎంత తాగిందో చూసుకుని
తక్కిన ఆరింటి లెక్క దిద్దుతాం.
కదలనిది చెప్తే తప్ప
కదిలినవాటి నష్టం తేలదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని
మా నాయనమ్మ ఊరంతా చాటింది.
నిజమే. ఇంటి ముచ్చట షేర్ ఆటోలో,
ఆటో ముచ్చట ల్యాబులో చెప్పేస్తాను.
ఒక్కటి మాత్రం
జనవరి నుంచి నానుతోంది.

బోరబండ నుంచి ఒక సీటీ ఫిల్ము వచ్చింది.
పేరు మీద తెల్ల కాగితం అంటించారు,
ఓ మూల జిగురు లేచిపోయింది.
పందొమ్మిదేళ్ళ పిల్ల.
ఏడో ఏట మెట్ల మీద గడ్డం కొట్టుకుందట,
ఎముక ఎముకని పట్టుకుని వదల్లేదు.
మూడు వేళ్ళు పట్టాల్సిన నోట్లో
చెంచా అంచు పడుతుంది.
పన్నెండేళ్ళుగా రొట్టె చాయ్‌లో కరిగి
పంటి సందులోంచి లోపలికి పోతోంది.

పేరు చెప్పను.

గుండుకి పాలిష్ పట్టే ఖలీల్ సాబ్ అడిగాడు:
"ఇది పెట్టుకున్నోళ్ళు గట్టిగ తిట్టొచ్చా, బేటా?"
ప్రోటోకాల్ అంతా వెతికాను.
నమలడం ఉంది. తిట్టడం లేదు.
ఆవలింత లేదు. ఆటోవాడితో బేరం లేదు.
సకినం కొరికినప్పటి ఆ మొదటి 'కటుక్'
ఏ గ్రాఫులోనూ లేదు.
అరిగిన పొడి ఎక్కడికి పోతుందని కూడా అడిగాడు.
ఒంట్లోకే, అన్నాను.
ఆయన మళ్ళీ పాలిష్ మొదలుపెట్టాడు,
అంతకుముందే అద్దంలా ఉన్నదాన్ని.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
పద్దెనిమిది లక్షల చిల్లర దగ్గర
ఆరు నోళ్ళూ ఒక్కసారి ఆగాయి.
చీకట్లో ఇంకా ఏదో కరకర.
ఎలుకనుకున్నాను.
కాదు, నా పళ్ళే,
మిషను లయకి అలవాటుపడి
ఉత్తగాలిని నూరుతున్నాయి.
వేలు పెట్టి చూసుకున్నాను, చెవి ముందర.
వెచ్చగా, కొంచెం నొప్పిగా, నాది.

జనరేటర్ అందుకుంది.
లాగ్ పుస్తకంలో టైము రాశాను,
ఆగిన అంకె రాశాను, సంతకం పెట్టాను.
'ఇతర వివరాలు' అన్న గడిలో
పెన్ను కాసేపు నిలబడింది.

ఏమీ లేవు, అని రాశాను.